పేను కణములలో విరిగిన వలయము

నేను ఉద్యోగములో ఉన్న రోజులలో ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి వచ్చింది. పాపకు ఎనిమిదేళ్లుంటాయి. తల నున్నగా గొరిగించి, పైన తువ్వాలు చుట్టారు. మెడ వెనుక గోకి గోకి పుండ్లు పడి, వాటికి చీము పట్టింది. “పేలున్నాయని బడిలో అందరి ముందూ నిలబెట్టారండీ, అందుకని గుండు చేయించాను” అని తల్లి చెబుతుంటే ఆ పాప నేల చూపులు చూస్తూ నిలబడింది. పుండ్లు వారము రోజులలో మానాయి. సిగ్గు మాన్పే మందు మాత్రము నా దగ్గర లేకపోయింది.

పేనంటే మురికి, మురికంటే అవమానము అని మనకొక లెక్క ఉంది. ‘పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందట’ అనే సామెతలో కూడా దానికి అల్పుల స్థానమే ఇచ్చాము. అయితే గత నూరేళ్ల వైద్య చరిత్రను తిరగవేస్తే పేనుకు దక్కిన చోటు చిన్నది కాదు. సైన్యములను కూల్చిన జ్వరమును మోసినది అదే. మనుష్యులు బట్టలు కట్టడము ఎప్పుడు మొదలుపెట్టారో లెక్క కట్టడానికి ఆధారమిచ్చినది అదే. జంతువులన్నిటిలోను ఒకే వలయముగా ఉంటుందని అనుకొన్న మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.ను ముక్కలు ముక్కలుగా పంచుకొని కూడా నిక్షేపముగా బ్రతుకుతున్నది అదే. ఈ మూడు కథలకు ఒకదానితో ఒకటి సంబంధముంది. దానిని వరుసగా చెప్పడమే ఈ వ్యాసము ఉద్దేశము.

తలపేను, చీరపేను

మనిషి శరీరముపై బ్రతికే పేలు మూడు విధములు. మొదటిది తలపేను. అది జుట్టును విడిచి ఉండదు, గుడ్లను కూడా వెండ్రుకలకే అంటిస్తుంది. ఆ గుడ్లనే మనము ఈపులు అంటాము. రెండవది చీరపేను. పాత తెలుగులో చీర అంటే ఆడవారు కట్టే బట్ట మాత్రమే కాదు, ఏ వస్త్రమైనా చీరే. ఈ పేను బట్టల మడతలలో, కుట్లలో కాపురముండి గుడ్లు పెట్టి, రక్తము త్రాగవలసినపుడు మాత్రము ఒంటిమీదికి వస్తుంది. మూడవది జననాంగముల వద్ద వెండ్రుకలను పట్టుకొని ఉండే పీత ఆకారపు పేను.

తలపేను, చీరపేను చూడడానికి ఇంచుమించు ఒక్కటే. నేటి శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది వాటిని ఒకే జాతికి చెందిన రెండు రూపములుగా పరిగణిస్తారు. కాని రోగముల విషయములో వాటి మధ్య భేదము చాలా పెద్దది. మహమ్మారులుగా చెలరేగిన టైఫస్ జ్వరమును, తిరగబెట్టే జ్వరమును, మొదటి ప్రపంచ యుద్ధములో కందకములలోని సైనికులను పీడించిన ట్రెంచ్ జ్వరమును వ్యాపింపజేసినది చీరపేను.

ఈ సంగతిని రుజువు చేసిన తొలి పరిశీలనలలో ఒకటి మన దేశములోనే జరిగింది. 1907లో ఎఫ్. పి. మాకీ అనే వైద్యుడు నాసిక్ లోని ఒక మిషన్ స్థావరములో తిరగబెట్టే జ్వరము వ్యాపించినపుడు పిల్లలను పరిశీలించాడు. బాలుర బట్టలలో పేలు ఎక్కువ, వారిలో జ్వరము కూడా ఎక్కువ. బాలికలలో పేలు తక్కువ, జ్వరము కూడా తక్కువ. ఆ పేల కడుపులలో జ్వరమునకు కారణమైన మెలికల సూక్ష్మజీవి పెరుగుతున్నట్లు ఆయన సూక్ష్మదర్శినిలో చూశాడు.

రెండేళ్ల తరువాత ట్యునీసియాలో చార్ల్స్ నికోల్ మరొక సంగతిని గమనించాడు. ట్యునిస్ నగరములో టైఫస్ రోగుల నుంచి వారి ఇంటివారికి, ఆసుపత్రి గుమ్మములో వారి బట్టలు అందుకొన్న సిబ్బందికి జ్వరము సోకుతున్నది. అదే రోగికి స్నానము చేయించి, వేరే బట్టలు కట్టి లోపల పడుకోబెట్టిన తరువాత ప్రక్క మంచము వారికి కూడా సోకడము లేదు. అయితే రోగమును మోసేది విడిచిన బట్టలలోనే ఉండాలి. 1909లో ఆయన కోతులపై ప్రయోగములు చేసి, దానిని మోసేది చీరపేనే అని నిరూపించాడు. 1928లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చింది.

టైఫస్, టైఫాయిడ్ ఒకటి కావని ఇక్కడ పాఠకులకు మనవి. టైఫాయిడ్ కలుషితమైన నీటి వలన, ఆహారము వలన వచ్చే జ్వరము. మన ప్రాంతములలో వానల తరువాత కనిపించే స్క్రబ్ టైఫస్ కూడా వేరు, దానిని చిన్న నల్లి వంటి పురుగుల పిల్లలు మోస్తాయి. చీరపేను మోసే టైఫస్ యుద్ధములు, కరవులు, చెరసాలల వెంట నడిచిన రోగము. మొదటి ప్రపంచ యుద్ధము తరువాత రష్యాలో అది సుమారు 30 లక్షల మందిని బలిగొన్నదని అంచనా.

దానిని శోధించినవారిని కూడా అది విడిచిపెట్టలేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు హోవర్డ్ రికెట్స్ 1910లో మెక్సికో నగరములో టైఫస్ సోకి చనిపోయాడు. స్టానిస్లౌస్ ఫాన్ ప్రోవాజెక్ 1915లో జర్మనీలోని ఒక యుద్ధఖైదీల శిబిరములో అదే రోగముతో చనిపోయాడు. ఆయనతో కలిసి పనిచేసిన రోషా లిమా 1916లో ఆ సూక్ష్మజీవిని వర్ణించి, ఇద్దరి స్మృతిగా దానికి రికెట్సియా ప్రోవాజెకి అని పేరు పెట్టాడు.

రోగకారి, మైటోకాండ్రియాకు చుట్టము

రికెట్సియా మామూలు బాక్టీరియాల వంటిది కాదు. అది మరొక జీవి కణములోకి చొరబడితే తప్ప పెరగలేదు. పేను జీర్ణకోశపు గోడ కణములలో పెరిగి, వాటిని పగులగొట్టి, పేను మలములోకి చేరుతుంది. మనము గోకుకొన్నపుడు ఆ మలము గాటు పడిన చర్మములోకి పోతుంది. పేను కాటు దురదకు కారణము, గోకుడు రోగమునకు ద్వారము. ఇందులో పేను కూడా దక్కదు. రికెట్సియా సోకిన పేను జీర్ణకోశము పగిలి, రక్తము ఒళ్లంతా వ్యాపించి, ఎర్రబడి కొద్ది రోజులలోనే చనిపోతుంది.

1998లో స్వీడన్ లోని ఉప్సాలా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ సూక్ష్మజీవి జన్యుపదార్థమును మొదటి నుంచి చివరి వరకు చదివారు. అందులో 11 లక్షల పైచిలుకు అక్షరములు, మాంసకృత్తులకు సంబంధించిన 834 జన్యువులు ఉన్నాయి. ఆశ్చర్యము కలిగించినది ఆ సంఖ్య కాదు. శక్తిని ఉత్పత్తి చేసే జన్యువుల విషయములో రికెట్సియాకు అతి సమీప బంధువులుగా తేలినవి మన కణములలోని మైటోకాండ్రియాలు.

మైటోకాండ్రియాలు మన కణములలోని పొయ్యిలు. మనము తిన్న ఆహారమును, పీల్చిన ప్రాణవాయువును కలిపి, కణమునకు కావలసిన శక్తిని అవి తయారుచేస్తాయి. ఒకప్పుడు స్వతంత్రముగా బ్రతికిన బాక్టీరియా మరొక కణములోకి చేరి, అక్కడే ఉండిపోయి, నూరు కోట్ల సంవత్సరములకు పైగా సాగిన సహవాసములో ఆ కణములో అవయవమై పోయిందని నేటి శాస్త్రము అంగీకరించిన సిద్ధాంతము. దీనిని 1967లో అమెరికా శాస్త్రజ్ఞురాలు లిన్ మార్గులిస్ గట్టిగా ప్రతిపాదించినపుడు చాలామంది నమ్మలేదు. మైటోకాండ్రియాల పుట్టుక సరిగా ఏ కొమ్మ నుంచి జరిగిందనే విషయమును తరువాతి పరిశోధనలు సవరిస్తున్నాయి. రికెట్సియాలకు, వాటికి దూరపు చుట్టరికమున్నదనే సంగతి మాత్రము నిలిచింది. లక్షలమందిని చంపిన సూక్ష్మజీవి, మనలను క్షణక్షణము బ్రతికించే మైటోకాండ్రియా ఒకే పెద్ద కుటుంబములోని వారు.

ఒకే వలయము అనే నమ్మకము

మైటోకాండ్రియాలకు సొంత డి.ఎన్.ఎ. ఉన్నదని 1963లో స్వీడన్ లో మార్గిట్ నాస్, సిల్వన్ నాస్ దంపతులు కోడిపిండపు కణములలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపించారు. 1981లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్ బృందము మానవ మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. మొత్తమును చదివింది. 16,569 జతల అక్షరములు, 37 జన్యువులు, ఒకే ఒక వలయము. తరువాత చదివిన ఆవు, ఎలుక, కోడి, కప్ప, ఈగ, అన్నిటిలోను కొద్ది తేడాలతో అదే పద్ధతి. కోట్ల సంవత్సరముల దూరమున్న జంతువులలో కూడా అదే 37 జన్యువులు ఒకే వలయములో కనబడడముతో, జంతువుల మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. అంటే ఒకే వలయము అన్నది పాఠ్యపుస్తకముల మాట అయింది. నేను చదువుకొన్నదీ అదే.

ఈ డి.ఎన్.ఎ.కు మరొక విశేషముంది. అది తల్లి నుంచి మాత్రమే బిడ్డలకు వస్తుంది. తరతరములకు దానిలో పేరుకొనే చిన్న చిన్న మార్పులను లెక్కించి, ఇద్దరి వంశములు ఎంత కాలము క్రిందట విడిపోయాయో అంచనా వేయవచ్చు. 1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్ కింగ్, అలన్ విల్సన్ అనే ముగ్గురు ప్రపంచములోని వివిధ ప్రాంతములకు చెందిన 147 మంది మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.ను పోల్చి చూశారు. నేటి మానవులందరి మాతృవంశములు ఆఫ్రికాలో సుమారు 2 లక్షల సంవత్సరముల క్రిందట జీవించిన ఒక స్త్రీ వద్ద కలుస్తాయని చెప్పారు.

ఆ ముగ్గురిలో స్టోన్ కింగ్ తరువాత జర్మనీలోని లైప్ జిగ్ నగరములో మాక్స్ ప్లాంక్ సంస్థలో పనిచేశాడు. ఒకనాడు ఆయన కుమారుడు బడి నుంచి ఒక ఉత్తరము తెచ్చాడు. తరగతిలో ఒకరికి పేలు కనబడినవి, తల్లిదండ్రులు జాగ్రత్త పడవలసినది అని దాని సారాంశము. మనిషి ఒంటిని వదలిన పేను ఒక రోజుకు మించి బ్రతకదని కూడా అందులో ఉంది. నా వద్దకు వచ్చిన తల్లికి బడి నుంచి అందినది అవమానము. స్టోన్ కింగ్ కు అందినది ఒక ప్రశ్న. పేను మనిషిని వదలి ఉండలేకపోతే, మనిషి వెళ్లిన చోటికల్లా అది కూడా వెళ్లి ఉండాలి కదా. అలాగైతే పేను డి.ఎన్.ఎ.లో మనిషి ప్రయాణములు కూడా వ్రాసి ఉండాలి.

బట్టల వయస్సు

ఆలోచిస్తూ ఉండగా ఆయనకు చీరపేను సంగతి తట్టింది. అది బట్టలలోనే బ్రతుకుతుంది. బట్టలు లేని కాలములో అది పుట్టి ఉండదు. కాబట్టి చీరపేను తలపేను నుంచి ఎప్పుడు విడివడిందో తెలిస్తే, మనుష్యులు బట్టలు కట్టడము ఎప్పుడు అలవాటు చేసుకొన్నారో తెలుస్తుంది. తోలు, నార, నేత నేలలో కుళ్లిపోతాయి. రాతి పనిముట్లు మిగిలినట్లు అవి మిగలవు. తవ్వకములు చెప్పలేని సంగతిని పేను చెప్పగలదు.

స్టోన్ కింగ్, రాల్ఫ్ కిట్లర్, మన్ ఫ్రెడ్ కైజర్ కలిసి 12 ప్రాంతముల నుంచి 40 తలపేలను, చీరపేలను సేకరించారు. వాటి డి.ఎన్.ఎ. భాగములను చింపాంజీ పేను డి.ఎన్.ఎ.తో పోల్చారు. మనిషి, చింపాంజీ వంశములు విడిపోయిన కాలమే వారి పేలు విడిపోయిన కాలమని తీసుకొని గడియారమును సరిచేశారు. 2003లో ప్రకటించిన ఫలితము ప్రకారము చీరపేను వయస్సు సుమారు 72,000 సంవత్సరములు. అటూ ఇటూ 42,000 సంవత్సరముల తేడాకు అవకాశమున్నదని వారే చెప్పారు. మరుసటి ఏడు తమ లెక్కలో పొరపాటు కనుగొని దానిని సుమారు 1,07,000గా సవరించారు. 2011లో మరొక బృందము మరిన్ని జన్యువులను పరిశీలించి, బట్టల వాడకము 83,000 సంవత్సరములకు తక్కువ కాదని, 1,70,000 వరకు కూడా ఉండవచ్చునని చెప్పింది.

ఈ అంకెలు మారుతున్నాయని వాటిని కొట్టివేయనవసరము లేదు. తన తప్పును తానే అచ్చులో దిద్దుకోవడము శాస్త్రమునకు బలము. అన్ని లెక్కలలోను నిలిచిన సంగతి ఒకటి ఉంది. చీరపేను ఆధునిక మానవుని కాలములో, బట్టలతోపాటు వచ్చిన జీవి.

అయితే ఈ లెక్కలు వేసినప్పుడు పరిశోధకులందరి మనస్సులోను ఒక చిత్రముండేది. మనలో వలె పేనులో కూడా ఈ జన్యువులన్నీ ఒకే వలయము మీద ఉన్నాయన్నదే ఆ చిత్రము. అది సరికాదని కొన్నేళ్లలోనే తేలింది.

2009: వలయము ముక్కలుగా కనబడింది

చీరపేను మొత్తము జన్యుపదార్థమును చదివే పని అమెరికాలో జరుగుతుండగా, ఆస్ట్రేలియాలోని క్వీన్స్ లాండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన రెన్ ఫు షావో, స్టీఫెన్ బార్కర్, అమెరికాకు చెందిన యూయెన్ కిర్క్ నెస్ దాని మైటోకాండ్రియా భాగమును పరిశీలించారు. 16,000 జతల వలయము ఎక్కడా దొరకలేదు. దానికి బదులు 3,000 నుంచి 4,000 జతల పొడవున్న చిన్న చిన్న వలయములు కనబడ్డాయి. ఒక్కొక్క దానిలో ఒకటి నుంచి మూడు జన్యువులు మాత్రమే ఉన్నాయి. కంప్యూటరులో కూర్చిన లెక్క తప్పేమోనని ప్రయోగశాలలో డి.ఎన్.ఎ.ను వేరుచేసి చూశారు. అక్కడా చిన్న వలయములే. 37 జన్యువులు 18 వలయముల మీద పంచబడి ఉన్నాయని 2009లో ప్రకటించారు. 2012లో తలపేను, చీరపేను రెండింటిలోను ఈ వలయముల సంఖ్య 20 అని సవరించారు. పీతపేనులో 14 వలయములు గుర్తించారు.

తరువాత ఒక్కొక్క జంతువు పేనును పరిశీలించినకొద్దీ సంఖ్యలు మారుతూ వచ్చాయి. పంది పేనులో 9 వలయములు, ఏనుగు పేనులో 10, రెండు ఎలుక పేలలో 11. ప్రతి చిన్న వలయములోను జన్యువులతోపాటు, ఇంచుమించు ఒకే మాదిరిగా ఉన్న మరొక భాగము కూడా ఉంటుంది. అది జన్యువు కాదు. నకలు తీయడము, జన్యువును పనిచేయించడము ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే భాగమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

మన తాళపత్ర గ్రంథములను తలచుకొంటే ఇది తేలికగా బోధపడుతుంది. ఆకులన్నిటినీ ఒకే త్రాటికి గుచ్చిన కట్ట మన మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. పేను ఆ త్రాడు విప్పి, ఆకులను ఇరవై చిన్న కట్టలుగా కట్టుకొంది. ప్రతి కట్ట మీద మొదటి ఆకుగా ఒకే శీర్షిక వ్రాసి పెట్టుకొంది. కాబట్టి ఏ కట్టను తీసినా చదవడము ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

మరొక సంగతి కూడా బయటపడింది. ఈ చిన్న వలయములు ఒకదానితో ఒకటి కలిసి భాగములను మార్చుకొంటున్నాయి. జంతువుల మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.లో ఇటువంటి కలయిక సాధారణముగా జరగదనే నమ్మకము మీదనే వంశవృక్షముల లెక్కలు ఆధారపడి ఉన్నాయి. అందువలన పేను డి.ఎన్.ఎ.తో కాలమును లెక్కించేవారు ఇప్పుడు కణకేంద్రములోని జన్యువులను కూడా సాక్ష్యమునకు పిలుస్తున్నారు. 2011 నాటి బట్టల లెక్క అటువంటిదే.

ఎందుకు విరిగింది?

2009లో షావో బృందము రెండు ఊహలు చెప్పింది. వారు పరిశీలించినంతవరకు రక్తము పీల్చే పేలలోనే చిన్న వలయములు కనబడ్డాయి, ఈకలను, చర్మపు పొట్టును కొరికి తినే పేలలో కనబడలేదు. కాబట్టి రక్తాహారమునకు, ఈ విరుగుడుకు సంబంధముండవచ్చునన్నది మొదటి ఊహ. అది ఎక్కువ కాలము నిలవలేదు. 2011లో స్టీఫెన్ కామెరాన్, ఆయన సహచరులు మరిన్ని జాతులను పరిశీలించి, కొరికి తినే పేలలో కూడా కొన్నిటిలో చిన్న వలయములున్నాయని చూపించారు.

రెండవ ఊహ మరింత ఆసక్తికరమైనది. డి.ఎన్.ఎ. నకలు తీసేటప్పుడు దాని రెండు పోగులు విడిపోతాయి. విడిన పోగును చిక్కుపడకుండా, తెగకుండా పట్టుకొని ఉండే ఒక మాంసకృత్తి మన మైటోకాండ్రియాలలో ఉంటుంది. చీరపేను జన్యుపదార్థములో ఆ మాంసకృత్తికి చెందిన జన్యువు కనబడలేదు. పట్టుకొనే చేయి లేనందువలన పొడవైన వలయము నిలువలేక ముక్కలైందా, లేక ముక్కలైన తరువాత ఆ చేతితో పని లేక అది పోయిందా అన్నది ఇంకా వాదములోనే ఉంది.

2019 నాటికి చిత్రము కొంత స్పష్టపడింది. మావి గల క్షీరదముల మీద బ్రతికే పేలను, అంటే రక్తము పీల్చేవాటిని, కుక్కలు, పశువుల వంటి వాటి ఒంటిమీద కొరికి తినేవాటిని, ఏనుగు పేలను కలిపి చూస్తే అన్నిటిలోను వలయము ముక్కలై ఉంది. వీటన్నిటికీ మూలమైన ఒకే పూర్వజునిలో అది విరిగిందని, ఆ విరుగుడే ఈ వంశమునకు గుర్తు అని షావో బృందము వాదించింది. అయితే పక్షుల పేలలో కొన్నిటిలో ఇది విడిగా జరిగి ఉండాలి. కంగారూ జాతికి చెందిన వాలబీ పేనులో మాత్రము జన్యువుల వరుస బాగా తారుమారైనా వలయము ఒకటిగానే ఉంది.

మనిషిలో వలయము చెడితే

వైద్యునిగా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఈ భాగము. 1988లో లండన్ లో ఇయాన్ హోల్ట్, ఆనిటా హార్డింగ్, జాన్ మోర్గాన్-హ్యూస్ అనే ముగ్గురు కండరముల వ్యాధులున్న రోగులను పరీక్షించారు. వారిలో కొందరి కండరములలోని మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.లో కొంత భాగము ఎగిరిపోయి ఉంది. మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. లోపమువలన మనిషికి రోగము రాగలదనడానికి అది తొలి నిదర్శనములలో ఒకటి. అదే సంవత్సరము డగ్లస్ వాలెస్ బృందము, యౌవనములో చూపు పోగొట్టే లెబర్ వ్యాధికి ఈ వలయములోని ఒకే ఒక అక్షరపు మార్పు కారణమని చూపింది.

ఇటువంటి లోపములున్నవారిలో కనురెప్పలు వాలిపోవడము, కనుగ్రుడ్లు కదలకపోవడము, కొద్ది శ్రమకే కండరములు అలసిపోవడము, గుండె లయ తప్పడము, చెవుడు వంటివి కలుగుతాయి. శక్తి ఎక్కువగా ఖర్చయ్యే అవయవములు ముందు దెబ్బ తింటాయి. ఈ రోగులలో తరచుగా కనిపించే లోపములో 4,977 జతలు, అనగా వలయములో ఇంచుమించు మూడవ వంతు ఉండదు. కణములో మంచి వలయములు, చెడ్డవి కలిసి ఉంటాయి. చెడ్డవాటి పాలు ఒక హద్దు దాటినపుడు రోగము బయటపడుతుంది.

ఇరవై ముక్కలుగా ఉన్న పేను ఆరోగ్యముగా ఉన్నది. మూడవ వంతు పోయిన వలయములతో మనిషి రోగి అవుతాడు. విరగడము వేరు, పోవడము వేరు. పేను త్రాడు విప్పింది గాని ఆకును పారవేయలేదు. 37 జన్యువులూ దాని వద్ద ఉన్నాయి, ప్రతి ముక్కకూ తనను తాను నడుపుకొనే సాధనముంది. మన రోగిలో చిన్నదైన వలయము పనికిరాకపోవడానికి కారణము దాని పొడవు తగ్గడము కాదు, అందులోని జన్యువులు మరెక్కడా లేకపోవడము. కణమునకు ఏ ఆకారము అవసరము, ఏ సమాచారము అవసరము అన్న ప్రశ్నకు ప్రకృతి స్వయముగా చేసి చూపిన జవాబు ఇది.

ఒక పేనులో మూడు కాపురములు

మొదటి కథకు మళ్లీ వద్దాము. టైఫస్ సోకిన ఒక చీరపేనును ఊహించుకోండి. దాని జీర్ణకోశపు కణములలో రికెట్సియా పెరుగుతున్నది. 834 జన్యువులు గల ఆ బాక్టీరియా ఆ పేనును చంపుతుంది. అదే పేను కడుపు ప్రక్కన ఒక చిన్న అవయవములో రీసియా అనే మరొక బాక్టీరియా కాపురముంటుంది. రక్తములో చాలినంత లేని పాంటోథెనిక్ ఆమ్లము అనే బి విటమినును అది తయారుచేసి పేనుకు ఇస్తుంది. అది లేనిదే పేను బ్రతకదు, పేను లేనిదే అది బ్రతకదు. 2010లో పేను జన్యుపదార్థముతోపాటు దానిదీ చదివినపుడు 600 కంటే తక్కువ జన్యువులే కనబడ్డాయి. ఇక అదే పేను ప్రతి కణములోను మైటోకాండ్రియాలున్నాయి. వాటివి 37 జన్యువులు.

మన ప్రేగులలో ఉండే ఇ. కోలై వంటి బాక్టీరియాకు 4,000 పైచిలుకు జన్యువులుంటాయి. మరొకరి కణములో కాపురము కుదిరిన కొద్దీ జన్యువుల అవసరము తగ్గుతుంది. ఈ మూడూ ఒకే వంశక్రమము కావు, ఒకటి మరొకటిగా మారుతున్నదని అర్థము కాదు. కాని శత్రువు, మిత్రుడు, అవయవము అనే మూడు స్థితులు ఒక నువ్వుగింజంత పురుగులో ప్రక్కప్రక్కన కనబడడము అరుదు. నికోల్, రికెట్స్ పేనులో శత్రువును మాత్రమే చూశారు. ఆనాడు అదే అవసరము. మిగిలిన ఇద్దరి జన్యువులను చదవడానికి మరొక నూరేళ్లు పట్టింది.

ఇంటికి తీసుకొనిపోవలసిన మాట

ఈ చరిత్ర నుంచి మనకు ఉపయోగపడే విషయములు కొన్ని ఉన్నాయి.

తలపేనుకు మురికితో పని లేదు. దానికి కావలసినది జుట్టు, వెచ్చదనము, రక్తము. రోజూ తలంటుకొనే పిల్లకు కూడా ప్రక్క పిల్ల తల తగిలితే పేలు ఎక్కుతాయి. సాధారణ పరిస్థితులలో తలపేలు టైఫస్ వంటి జ్వరములను వ్యాపింపజేయవు. దురద, నిద్ర చెడడము, గోకుడు పుండ్లకు చీము పట్టడము, ఇవే వాటి వలన కలిగే బాధలు.

గుండు చేయించనవసరము లేదు. తల తడిపి, నూనెగాని కండిషనరుగాని రాసి, పళ్లు దగ్గరగా ఉన్న పేల దువ్వెనతో మూడు నాలుగు రోజులకొకసారి, రెండు మూడు వారములు ఓపికగా దువ్వితే చాలావరకు పోతాయి. చాలకపోతే ఒక శాతము పెర్మెత్రిన్ లోషను వాడవచ్చు. ఈపులు పొదగడానికి వారము నుంచి పది రోజులు పడుతుంది కనుక తొమ్మిది, పది రోజులకు మరొకసారి రాయాలి. కొన్నిచోట్ల పేలు ఈ మందుకు లొంగకుండా మారాయి. అప్పుడు వైద్యుని సలహాతో ఐవర్ మెక్టిన్ వంటివి వాడవచ్చు. కిరసనాయిలు, పొలములో చల్లే పురుగుమందులు తలకు ఎప్పుడూ రాయకండి. అవి ప్రాణములకే ముప్పు. ఇంటిలో అందరి తలలూ ఒకేసారి చూడాలి.

పేలున్నాయని పిల్లలను బడి నుంచి పంపివేయనక్కర లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతుంది. అందరి ముందు నిలబెట్టడము అంతకంటె తప్పు. ఉపాధ్యాయులు తల్లిదండ్రులకు విడిగా ఒక చీటీ వ్రాసి పంపితే చాలు.

చీరపేను సంగతి వేరు. అది కనబడిందంటే అక్కడి మనుష్యులకు మార్చుకోవడానికి రెండవ జత బట్టలు, ఉతుక్కోవడానికి నీరు లేవని అర్థము. అందుకే అది శరణార్థుల శిబిరములలో, క్రిక్కిరిసిన చెరసాలలలో, ఇల్లు లేనివారి వద్ద కనబడుతుంది. వేడినీటిలో ఉతికిన బట్టలే దానికి అసలు మందు. 1909లో ట్యునిస్ ఆసుపత్రి గుమ్మములో నికోల్ చూసినది అదే.

ఆనాడు ఆ తల్లికి నేను పుండ్లకు మందు వ్రాసి ఇచ్చి పంపాను. ఇందులో మీ తప్పు గాని పాప తప్పు గాని లేదని ఒక్క మాట చెప్పడము నాకు తోచలేదు. వరుసలో ఇంకా ముప్పై మంది రోగులున్నారు. ఆ పాప ఈపాటికి పెద్దదై, తన కూతురికి జడ వేస్తూ ఉండవచ్చు. ఆ జడలో ఎప్పుడైనా పేను కనబడితే బిడ్డను ఎండలో కూర్చోబెట్టుకొని దువ్వెన అందుకొంటే చాలునని, తల గొరిగించే పని లేదని, ఆలస్యముగానైనా ఆమెకు ఇక్కడ చెబుతున్నాను.